అప్‌డేట్: కరిగిపోయిన క్రిప్ట్ మొక్కలు మళ్లీ చిగురించాయి

రెండు నెలల కిందట నేను అడిగింది ఇదీ: కొత్తగా పెట్టిన 2 అడుగుల చేపల ట్యాంక్‌లో క్రిప్టోకోరైన్ (క్రిప్ట్ అని పిలిచే నీటి మొక్క) ఆకులు వారంలోనే జావలా కరిగిపోతున్నాయి, నీళ్లు పాలలా తెల్లబడ్డాయి, మొక్కలన్నీ పీకేయాలా అని. పీకొద్దు, వేర్లు కదపొద్దు అని చెప్పిన అందరికీ చాలా థ్యాంక్స్.

కుళ్లిన ఆకులు కత్తిరించి, వేర్లను అలాగే వదిలేశాను. మూడో వారంలో ఇసుకలోంచి గోధుమరంగు చిగుళ్లు పైకొచ్చాయి. ఆ సాయంత్రం ట్యాంక్ ముందు నుంచి లేవబుద్ధి కాలేదు! చోటు మారితే పాత ఆకులు రాల్చి, కొత్త నీళ్లకు తగినవి వేసుకోవడం ఈ మొక్క స్వభావమని ఇప్పుడు కళ్లారా చూశాను.

అనుబియాస్ అనే ఇంకో నీటి మొక్క విషయంలో మాత్రం తప్పు నాదే. దాని అడ్డ కాండాన్ని ఇసుకలో పూడ్చేశాను, మెత్తబడింది. కుళ్లిన ముక్క కోసేసి, మిగిలినది దారంతో రాయికి కట్టాక కోలుకుంది.

నీళ్ల తెల్లదనం దానంతటదే పోయింది. లైటు 10 గంటల నుంచి 6 గంటలకు తగ్గించాక అద్దం మీద పాచి కూడా తగ్గింది.

చేపల కోసం 6 వారాలు ఆగాను. నీళ్ల టెస్ట్ కిట్‌లో చేపలకు హాని చేసే అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపించాకే తెచ్చాను. మా బోరు నీళ్లు గట్టివి (లవణాలు ఎక్కువ) కాబట్టి, మెత్తని నీళ్లు ఇష్టపడే నియాన్ టెట్రా చేపల ఆశ వదులుకుని 5 మగ గప్పీలు వేశాను. హుషారుగా తిరుగుతున్నాయి. మొక్కల కోసం పెట్టే కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ జోలికి ఇప్పట్లో వెళ్లను.