చేయి దూరని చోట ఉన్న ఫ్రీజ్ ప్లగ్‌ను మార్చడం ఎలా?

ప్రశ్న:
నా కారు ఇంజిన్ బ్లాక్ వెనుక వైపు, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (ఇంజిన్ పొగను బయటికి పంపే గొట్టాల జోడింపు) కింద ఉన్న ఫ్రీజ్ ప్లగ్ (బ్లాక్‌లోని రంధ్రానికి బిగించిన లోహపు మూత) నుంచి కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) కారుతోంది. బ్లాక్‌కూ ఫైర్‌వాల్‌కూ (ఇంజిన్‌ను మనం కూర్చునే చోటి నుంచి వేరుచేసే రేకు గోడకూ) మధ్య అరచేయి మాత్రమే పడుతుంది, సుత్తి ఎత్తే చోటు లేదు. రెండుసార్లు ఎపాక్సీ పూసినా ఇంజిన్ వేడెక్కగానే మళ్లీ కారింది. ఇంజిన్ దించకుండా దీన్ని మార్చవచ్చా? నట్టు బిగిస్తే ఉబ్బే రబ్బరు ప్లగ్ సరిపోతుందా?

మొదటి సమాధానం:
ఎపాక్సీ నిలవకపోవడంలో వింత లేదు. ఉక్కు ప్లగ్ లోపలి నుంచి తుప్పు తిని పలచబడుతుంది కాబట్టి, పైన ఏది పూసినా వేడి మీద సుమారు 1 బార్ ఒత్తిడి దాన్ని నెట్టేస్తుంది. (పేరు ఎలా ఉన్నా, బ్లాక్ పోత పోసినప్పుడు ఇసుక అచ్చు వల్ల మిగిలిన రంధ్రానికి అది మూత మాత్రమే, నీరు గడ్డకడితే అదే ఊడి బ్లాక్‌ను కాపాడుతుందని నమ్మకండి.) ఇంజిన్ పూర్తిగా చల్లారాక బ్లాక్ డ్రెయిన్ ప్లగ్ విప్పి కూలెంట్ దించి, మొదట మానిఫోల్డ్ విప్పి చూడండి, ఇంజిన్ దించడం కంటే అది చాలా చిన్న పని. తరువాత మొండి ఉలిని ప్లగ్ అంచుకు ఒక పక్కన ఆనించి తట్టితే, అది డబ్బా మూతలా అడ్డం తిరుగుతుంది, ప్లయర్‌తో పట్టి లాగవచ్చు. డ్రిల్లు జోలికి వెళ్లకండి, వెనుకనే సిలిండర్ గోడ ఉంటుంది.

రెండవ సమాధానం:
రబ్బరు ప్లగ్‌ను నేను వాడాను, తాత్కాలికంగా పనికొస్తుంది. రంధ్రం అంచును ఎమరీ కాగితంతో మెరిసేదాకా రుద్ది, తడి లేకుండా తుడిచాకే బిగించాలి; నాలుగైదుసార్లు వేడెక్కి చల్లారాక నట్టు వదులైందేమో చూడాలి. మానిఫోల్డ్ వేడికి అంత దగ్గరగా దాన్ని శాశ్వతంగా వదలడం మాత్రం నాకు నచ్చదు.

మూడవ సమాధానం:
సుత్తి ఆడని చోట దెబ్బ కంటే ఒత్తిడి మేలు. గిన్నె ఆకారపు ప్లగ్ లోపల సరిగ్గా కూర్చునే సాకెట్ పెట్టి, దాని వెనుక పొడవాటి బోల్టు, నట్టు అమర్చి, నట్టును తిప్పుతూ పోతే ప్లగ్ కొద్దికొద్దిగా లోపలికి జరుగుతుంది. ఫైర్‌వాల్ పలుచటి రేకు కాబట్టి అటువైపు మందపాటి ఉక్కు పలక ఆనించండి. ఒత్తిడి గిన్నె అడుగున పడాలి, అంచు మీద పడితే ప్లగ్ వంగి కారుతుంది. రంధ్రాన్ని వెర్నియర్‌తో కొలిచి, దొరికితే ఇత్తడి ప్లగ్ తీసుకోండి, తుప్పు బాధ ఉండదు.

అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. మానిఫోల్డ్ విప్పాక ఉలికి చోటు దొరికింది. పాత ప్లగ్ లోపలి ముఖం జల్లెడలా ఉంది. బోల్టుతో నెట్టిన ఇత్తడి ప్లగ్ వంకర లేకుండా కూర్చుంది. పక్క ప్లగ్ బయటికి బాగానే కనిపించినా, స్క్రూడ్రైవర్‌తో నొక్కగానే మొన లోపలికి దిగిపోయింది. దాన్నీ మార్చాకే కూలెంట్ నింపాను.