మా ఊరి కైఫియత్‌లో ఈ గీతలు ఎలా చదవాలి?

అందరికీ నమస్కారం. ఈస్టిండియా కంపెనీ అధికారి కాలిన్ మెకంజీ రాయించిన కైఫియత్తులు (ఊళ్ళ చరిత్ర, వివరాల రికార్డులు) చెన్నై ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో ఉన్నాయి కదా, అందులో మా ఊరిదాని జిరాక్స్ ఒకటి తాతయ్య ట్రంకుపెట్టెలో దొరికింది. మాది గుంటూరు వైపు. గొలుసుకట్టు రాత, మాటకీ మాటకీ ఎడమే లేదు! చెరువు, గుడిమాన్యం దాకా కూడబలుక్కుని చదివాను. ఫసలీకి (పాత రెవెన్యూ సంవత్సరానికి) 590 కలిపితే క్రీస్తుశకం వస్తుందనీ తెలుసు.

చిక్కంతా మాన్యం లెక్క దగ్గరే. "కుచ్చెళ్ళు 2" (కుచ్చెల పాత భూమి కొలత) తర్వాత మూడు నిలువు గీతలు, వాటి పక్కన రెండు అడ్డగీతలు. నిలువువి పావులు, అడ్డవి వీసాలు (పదహారో వంతులు) అనుకుంటే రెండూ ముప్పావూ పరక (ఎనిమిదో వంతు) అవుతుంది. సరేనా? అప్పట్లో మావైపు కుచ్చెల అంటే ఎన్ని ఎకరాలు? పాత కరణాల లెక్కలు చూసినవాళ్ళు కాస్త చెప్పండి. ఫొటో పెడతాను.