మెలి తిరిగిన టేకుకు ప్లేనర్ కొనాలా, మిల్లుకు పంపాలా?

సీతమ్మధార విశ్రాంత ఉద్యోగి: తాతగారి పెంకుటిల్లు పడగొట్టినప్పుడు మిగిలిన 22 టేకు పలకలు మూడేళ్లుగా కారు షెడ్డులో ఉన్నాయి. వాటిని ఒకే మందానికి తెచ్చి పుస్తకాల బీరువా, ఉయ్యాల బల్ల చేసుకోవాలని నా ఆశ. పలకలను చెక్కి ఒకే మందానికి తెచ్చే ప్లేనర్ యంత్రాల్లో, రెండు బ్లేడ్ల 12 అంగుళాల మకిటా 2012ఎన్‌బీ ఇక్కడే కొనాలా, లేక మా అబ్బాయి సంక్రాంతికి అమెరికా నుంచి తెస్తానంటున్న మూడు బ్లేడ్ల 13 అంగుళాల డివాల్ట్ డీడబ్ల్యూ735 కోసం ఆగాలా అన్నది తేల్చుకోలేకపోతున్నాను.

ఎంవీపీ కాలనీ: ఆ డివాల్ట్ బరువు దాదాపు 42 కిలోలండీ. విమానంలో ఒక పెట్టెకు సాధారణంగా 32 కిలోలు దాటనివ్వరు.

కరెంటు కబుర్లు: బరువు అటుంచండి, అది అమెరికా కరెంటుకు, అంటే 60 హెర్ట్జ్‌కు చేసిన యంత్రం. మన 50 మీద మోటారు నెమ్మదిస్తుంది.

గాజువాక గరాజు: అది బ్రష్ మోటారు కనుక హెర్ట్జ్‌తో దానికి పేచీ లేదు. పేచీ అంతా ఓల్టేజీతోనే. 120 ఓల్టుల, 15 ఆంపియర్ల యంత్రానికి పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, అది షెడ్డులో ఇంకో మూల ఆక్రమిస్తుంది. మకిటా 28 కిలోలే. టేకులోని సిలికా బ్లేడ్లను త్వరగా మొద్దుబారుస్తుంది కానీ, దాని బ్లేడ్లకు రెండంచులుంటాయి కనుక తిప్పి బిగించుకోవచ్చు.

కరెంటు కబుర్లు: మా మేనత్త అమెరికా నుంచి తెచ్చిన గోడ గడియారం రోజుకు నాలుగు గంటలు వెనకబడేది. దానికేమంటారు?

పాత ఉలి: హెర్ట్జుల లెక్క తేలేలోగా ఒక్క మాట. మెలి తిరిగిన పలకను ఈ యంత్రాలేవీ చదును చేయవు. లోపలి రోలర్లు పలకను అదిమిపట్టి ఉంచగా పైముఖం చెక్కుడవుతుంది, బయటికి రాగానే అది మళ్లీ తన మెలికే తిరుగుతుంది, కాకపోతే పల్చబడి తిరుగుతుంది. ముందు ఒక ముఖాన్ని చేతి చిత్రికతోనో, మిల్లులోని రందా మిషన్ మీదనో చదును చేసి, దాన్ని కింద పెట్టి నడిపితేనే రెండో ముఖం సమాంతరంగా వస్తుంది. మిల్లుకు ఇచ్చేయండి.

గాజువాక గరాజు: పలక కింద చదునైన ప్లైవుడ్ పెట్టి, ఖాళీల్లో చెక్క చీలికలు దూర్చి నడిపితే రోలర్లు అదిమినా పలక వంగదు. మిల్లు మాట నా దగ్గర ఎత్తకండి. మా అమ్మాయి మంచానికని ఎనిమిది టేకు పలకలిచ్చి 25 మిల్లీమీటర్లకు తీయమంటే 21కి దించారు. పైగా నేను ప్రతి పలక చివరా పెన్సిలుతో అంకె వేశాను, తిరిగొచ్చిన ఎనిమిదో పలక మీద అంకె లేదు, అది టేకూ కాదు.

పాత ఉలి: అంటే మిల్లువాళ్లంతా దొంగలన్నమాట. కంచరపాలెంలో 26 ఏళ్లుగా ఆ మిషన్ ముందే నిలబడుతున్నాను, ఎడమ చూపుడు వేలి చివరి కణుపు అక్కడే వదిలాను. మెలి తీస్తే నాలుగు మిల్లీమీటర్లు పోవడం మోసం కాదు, మీ ఇంట్లో తీసినా అంతే పోతుంది. నాలుగు వీడియోలు చూసి యంత్రం కొన్నవాళ్లు మా పనిని శంకిస్తుంటే చూస్తూ ఊరుకోలేను.

గాజువాక గరాజు: పోయినందుకు కాదు, చెప్పకుండా పోయినందుకే నా బాధ. 23 దగ్గర ఆపి కాస్త వంపు ఉంచుకుంటానో, ఇంకా దించుతానో తేల్చుకోవలసింది చెక్క గలవాడు. ఇంట్లో అరమిల్లీమీటరు చొప్పున తీస్తూ ఎప్పుడు కావాలంటే అప్పుడు ఆగుతాను. మీ మిషన్ పక్కన నన్ను నిలబడనే నిలబడనివ్వరు.

పాత ఉలి: ఎందుకు నిలబడనివ్వమో పైనే రాశాను. ఆ వేలు.

కరెంటు కబుర్లు: గడియారం సంగతికి ఇంకా ఎవరూ జవాబివ్వలేదు.

మర్రిపాలెం: పాత ఇంటి చెక్కలో మేకులు చూసుకున్నారా? లోపల విరిగిన ఒక్క మేకు తగిలినా బ్లేడు అంచుకు గాటు పడి, ఆపైన ప్రతి పలక మీదా ఉబ్బెత్తు గీత తేలుతుంది. ముందు అయస్కాంతం తిప్పి చూడండి.

సీతమ్మధార విశ్రాంత ఉద్యోగి: ఈ ఉదయం పలకలన్నిటినీ వంటింటి గ్రానైటు గట్టు మీద పెట్టి చూశాను. 17 కదలకుండా కూర్చున్నాయి, ఐదు ఊగాయి. ఒకదాని మూల కింద రెండు అగ్గిపుల్లలు ఒకదానిపై ఒకటి పట్టాయి. అయస్కాంతం నాలుగు చోట్ల అంటుకుంది. కూర్చున్నవాటికి మకిటాయే కొంటాను. పాత ఉలి గారూ, ఆ ఐదింటినీ మీ దగ్గరకు తేవచ్చా?

పాత ఉలి: మేకులన్నీ పీకి తీసుకురండి. ముందే చెబుతున్నాను, ఆ అగ్గిపుల్లల పలక నాలుగు మిల్లీమీటర్లకు తక్కువ కాకుండా దిగుతుంది.