అరవై దాటిన అమ్మ చేతిలోంచి చీపురు తీసేసుకోవాలా?

మిర్యాలగూడ నుంచి:
మా అమ్మకు 66 ఏళ్లు. దేవరకొండ పక్క పల్లెలో ఉన్నప్పుడు తెల్లారకముందే లేచి వాకిలి ఊడ్చి సాంపి చల్లేది. రెండు బర్రెలకు గడ్డి వేసేది, పత్తి ఏరడానికి చేనుకు పోయేది. నాన్న పోయాక నా దగ్గరికి తెచ్చుకున్నాను. "ఇంక ఏ పనీ ముట్టుకోవద్దమ్మా" అన్నాను, ప్రేమతోనే. ఎనిమిది నెలల్లో 5 కిలోలు పెరిగింది. తినేది మునుపటికంటే తక్కువే. మెట్లెక్కితే ఆయాసం. తమ్ముడు వయసు వల్లే అంటున్నాడు. చెల్లె మాత్రం నువ్వే కూర్చోబెట్టి పాడుచేశావంటుంది. మీరేమంటారు?

మహబూబ్‌నగర్ నుంచి:
వయసే అన్నా. అరవై దాటాక ఒళ్లు ఖర్చుపెట్టే శక్తి తగ్గుతుందని 2021లో పెద్ద పరిశోధనే వచ్చింది. ఇంకో మాట. మా నాన్న ముంబైకి వలసపోయి ఏళ్ల తరబడి మట్టి తట్టలు మోశాడు. ఇప్పుడు మోకాళ్లు పనిచేయవు. ఆయనను "కదులుతూ ఉండు నాన్నా" అనడానికి నాకు నోరు రాదు. ఆరోగ్యం పేరు చెప్పి ఇంటి చాకిరీ అంతా ముసలివాళ్ల మీదే వేసే కొడుకులనూ చూశాను.

నల్లగొండ నుంచి:
తమ్ముడూ, చాకిరీ గురించి నువ్వన్నది నిజం. పరిశోధన మాత్రం పూర్తిగా చూడాలి. 29 దేశాల్లో 6,400 మందికి పైగా మనుషులను లెక్కించారు. ఒంటి పరిమాణాన్ని బట్టి సరిచూస్తే 20 నుంచి 60 ఏళ్ల దాకా ఖర్చు దాదాపు మారలేదు. 60 తర్వాత తగ్గేది ఏడాదికి సుమారు 0.7 శాతం. ఆరేళ్లకు 4 శాతం, అంటే రోజుకు ఒక చపాతీ అంత. అదీ ఆరేళ్ల మీద మెల్లగా తగ్గేది. ఎనిమిది నెలల్లో 5 కిలోలు దాంతో ఎట్లా వస్తాయి? ఆ ఎనిమిది నెలల్లో మారింది అమ్మ ఉండే ఇల్లు.

అమెరికాలో మేయో క్లినిక్‌కు చెందిన జేమ్స్ లెవీన్ బృందం 1999లో 16 మందికి రోజూ 1,000 కెలోరీలు ఎక్కువగా 8 వారాలు పెట్టింది. ఒకరికి అరకిలో కొవ్వు కూడా చేరలేదు, ఇంకొకరికి 4 కిలోలు దాటింది. ఆ తేడా చాలావరకు లేవడం, నిలబడటం, అటూ ఇటూ తిరగడం లాంటి మామూలు కదలికల వల్లే వచ్చింది. లెవీన్ వాళ్లే 2007లో పెద్దవాళ్లనూ యువకులనూ పోల్చారు. పెద్దవాళ్లు లేచి నడిచింది యువకులు లేచినన్ని సార్లే. కానీ ప్రతిసారీ నడిచిన దూరం తక్కువ. అది చదివితే నాకు మా అత్తమ్మ కళ్లముందు మెదిలింది. ఊర్లో లేస్తే బోరింగు దాకా, కొట్టం దాకా, పక్కింటి అరుగు దాకా పోయేది. మా ఇంట్లోనూ అన్నిసార్లే లేస్తుంది. సోఫా నుంచి వంటింటికి పది అడుగులు, అంతే.

ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లను 10 రోజులు మంచానికే పరిమితం చేసి చూస్తే కాళ్లలో కండ దాదాపు కిలో తగ్గింది. విశ్రాంతి ఇస్తున్నామని మనం ఆ కండనే తీసేసుకుంటున్నాం. అన్నా, ఆయాసం ఉందన్నారు కాబట్టి ముందు డాక్టర్‌కు చూపించండి, థైరాయిడ్, రక్తం, గుండె పరీక్షలు చేయించండి.

మర్రిగూడ నుంచి:
అక్కా, మా దిక్కు సంగతి కూడా రాయాలి. ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ బోరు నీళ్లు తాగి మా పెద్దమ్మ నడుము వంగిపోయింది, మెడ తిరగదు. కృష్ణా నీళ్లు వచ్చినా బిగుసుకున్న కీళ్లు తిరిగి రావు కదా. ఇట్లాంటివాళ్లను "కదలక లావయ్యారు" అంటే గుండె మండుతుంది. కూర్చున్నచోటే చిక్కుడుకాయలు ఈనెలు తీయడం, పూలు కట్టడం ఆమెకు పెద్ద పని.

నల్లగొండ నుంచి:
నిజమే తమ్ముడూ. నొప్పి ఉన్నచోట నా మాట వర్తించదు. ఓపిక ఉన్నవాళ్లను కూర్చోబెట్టడం గురించే రాశాను.

మిర్యాలగూడ నుంచి:
నిన్న అమ్మను మొదటిసారి అడిగాను, నీకేం చేయాలనుందని. చీపురు అడగలేదు. పాలకు తను పోతానంది. పాలకేంద్రం వీధి చివర. ఇవాళ గిన్నె పట్టుకుని పోయి అరగంటకు వచ్చింది, దారిలో దేవరకొండ వాళ్లు కలిశారట. శనివారం డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తున్నాను.