రెండు రోజుల ముంబయికి కారు మాట్లాడుకోవాలా, లోకల్ రైలు ఎక్కాలా?

హనుమకొండ_టీచర్

సంక్రాంతి సెలవుల్లో ముంబయి వెళ్తున్నాం. నేను, మావారు, ఆరో తరగతి చదివే మా బాబు, మా అత్తమ్మ. అత్తమ్మకు 67 ఏళ్ళు, మోకాళ్ళ నొప్పులు. నడుస్తారు కానీ మెట్లయితే ఆగి ఆగి ఎక్కాలి. హుస్సేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్‌లో శనివారం తెల్లవారేసరికి సీఎస్‌ఎంటీ స్టేషన్లో దిగుతాం. ఆదివారం రాత్రి మళ్ళీ అక్కడే బండెక్కాలి. అంటే మా చేతిలో ఉన్నవి రెండు పగళ్ళు, ఒక రాత్రి.

గేట్‌వే, ఎలిఫెంటా, సిద్ధివినాయకుడు, మహాలక్ష్మి గుడి, హాజీ అలీ, మెరైన్ డ్రైవ్, జుహూ, కన్హేరి గుహలు చూడాలని రాసుకున్నాం. మా మరిది "రెండు రోజులకూ కారు మాట్లాడేసుకోండి వదినా, అమ్మతో లోకల్ ఎక్కడం కుదిరే పని కాదు" అంటున్నాడు. మావారి స్నేహితుడేమో "కారెక్కితే ముంబయి కాదు, ముందున్న బండి వెనక అద్దం చూసి వస్తారు" అంటున్నాడు. పైగా దూరంగా ఉత్తరాన ఉన్న అంధేరిలో గది, సీఎస్‌ఎంటీ దగ్గరి ఫోర్ట్‌లో కంటే బాగా తక్కువకు దొరుకుతోంది. ఎవరి మాట వినాలి?

బెజవాడ_బాటసారి

మీ మరిదిగారి మాటే వినండమ్మా. నేను మా అమ్మానాన్నల్ని తీసుకెళ్ళి పాఠం నేర్చుకున్నవాణ్ణి. లోకల్ చవక, వేగం అని అందరూ చెప్పేసరికి ఎక్కించాను. మేం దిగాల్సిన స్టేషన్లో నాన్న, నేను దిగాం, అమ్మ జనం మధ్య ఇరుక్కుని లోపలే ఉండిపోయింది. ఆవిడ దగ్గర ఫోన్ లేదు. తర్వాతి స్టేషన్లో ఎవరో పుణ్యాత్మురాలు చెయ్యి పట్టుకుని దింపి పక్కన కూర్చోబెట్టింది. మేం చేరేదాకా ఆ పావుగంట నా ప్రాణం నాలో లేదు.

ఇప్పుడు రోడ్లు కూడా మునుపటిలా లేవు. 2024లో కోస్టల్ రోడ్డు వచ్చింది. మలబార్ హిల్ కింద సొరంగంలోంచి దూరి మెరైన్ డ్రైవ్ నుంచి వర్లీకి పావుగంటలో తేలుతున్నారు. అది అటునుంచి సముద్రం మీది వంతెన సీ లింక్‌తో కలిసిపోయింది కాబట్టి బాంద్రా దాకా సిగ్నళ్ళ బెడద లేదు. సామాను కారులోనే ఉంటుంది, పెద్దావిడ కాళ్ళు చాపుకుని ఓ కునుకు తీస్తారు. 8 గంటలు, 80 కిలోమీటర్ల లెక్కన రోజుకో బండి మాట్లాడుకోండి. డబ్బు కాస్త ఎక్కువవుతుంది, అంతే.

దాదర్_కోడలు

బాటసారి గారూ, మీ అమ్మగారి విషయం చదివితే బాధేసింది. అయితే అది ఏ వేళ ఎక్కారన్న దాన్ని బట్టి వచ్చిన కష్టం అనుకుంటాను. నేను ఇక్కడికి కాపురానికొచ్చి 22 ఏళ్ళు. ఇక్కడి రద్దీకి ఓ దిక్కుంది. పొద్దున జనమంతా ఉత్తరం నుంచి దక్షిణానికి, అంటే చర్చ్‌గేట్, సీఎస్‌ఎంటీల వైపు వస్తారు. సాయంత్రం అటు తిరిగి పోతారు. మీరు దానికి ఎదురు దిక్కున వెళ్తే, లేదా 11 నుంచి 4 మధ్యలో ఎక్కితే, కూర్చోవడానికి చోటు కూడా దొరుకుతుంది. ఏసీ లోకళ్ళు ఉన్నాయి, వాటి తలుపులు మూసుకుంటాయి. ఆడవాళ్ళ డబ్బాలు వేరే. రైల్వే వాళ్ళ యాప్‌లో టికెట్ తీసుకుంటే కౌంటర్ దగ్గర నిలబడే పనీ లేదు.

కారు ఎక్కడ ఆపుతారో చెప్పండి. గేట్‌వే దగ్గరా? కొలాబాలోనా? డ్రైవరు మిమ్మల్ని దింపేసి ఎటో వెళ్ళిపోతాడు. మీరు ఎండలో నిలబడి ఫోన్ చేస్తే "దస్ మినిట్" అంటాడు, ఆ దస్ మినిట్ అరగంట. కోస్టల్ రోడ్డు మంచిదే, కాదనను. కానీ దానిమీంచి దిగాక మళ్ళీ పాత రోడ్డే కదా.

భివండి_మగ్గం

అక్కా, నేను భివండిల పుట్టిన. మా తాత సిరిసిల్ల నుంచి వర్లీ మిల్లుకు పనికొచ్చిండు. 1982 సమ్మె తర్వాత మిల్లులు ఒక్కొక్కటి మూతపడ్డంక మా నాయిన భివండికొచ్చి సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద బతికిండు. నాకు ఈ ఊరు కాళ్ళతోటి తెలుసు.

కారా రైలా అని కొట్లాడుడు తర్వాత. ముందుగాల ఊరి ఆకారం సూడుండ్రి. ఇది హైదరాబాద్ లెక్క నాలుగు దిక్కుల పరుసుకున్న ఊరు కాదు. సన్నగ, పొడుగ్గ సముద్రంలకు చొచ్చుకపోయింది. గేట్‌వే కింది కొనకు, కన్హేరి పైకొనకు. చర్చ్‌గేట్ నుంచి బోరివలికి రైలు పట్టా మీద 34 కిలోమీటర్లు, బోరివలిల దిగినంక అడవి లోపలికి ఇంకింత. మీ లిస్టుల రెండు కొసలూ ఉన్నయి. ఏ బండెక్కినా పగలంత తొవ్వలనే పోతది.

అందుకే నా మాట ఒక్కటే. ఒక కొస ఇడిసిపెట్టుండ్రి. మీరు దిగేది సీఎస్‌ఎంటీ, ఎక్కేది సీఎస్‌ఎంటీ. మరి అంధేరిల పండుడు ఎందుకు? రూముల మిగిలిన పైసలు పోను రాను కిరాయికే అయితయి, పెద్దమనిషికి ఒళ్ళు నొప్పులు పైన. ఫోర్ట్‌లనో కొలాబాలనో చిన్న రూమైనా తీసుకోండ్రి. ఇంకో సంగతి, కింది బొంబాయిల ఆటోలు ఉండయి. మాహిం, సయన్ దాటి అవి రావు. కాలీపీలీ, అంటే నలుపు పసుపు రంగు టాక్సీ మీటర్ మీద ఎక్కుండ్రి. దగ్గర దగ్గర దూరాలకు అది ఏ కారుకూ తీసిపోదు.

ఇది మీరు అడగలే గని చెప్త. టాక్సీల పోతుంటే కామాఠిపురా అని బోర్డు కనవడితే మొకం తిప్పుకోకుండ్రి. ఆ గల్లీల పేరు మన తెలుగు కూలీలది. ఈ ఊరు కట్టనీకి వచ్చి రాళ్ళు మోసినోళ్ళను కామాఠీలు అన్నరు. ఇంక ఏదేదో చెప్తరు ఆ జాగ గురించి, గని మొదలు అది మనోళ్ళ కూలిబస్తీ.

బెజవాడ_బాటసారి

మగ్గం తమ్ముడూ, ఊరి ఆకారం గురించి బాగా చెప్పావు. నేను ఆ కోణంలో ఆలోచించలేదు. గది ఫోర్ట్‌లోనే అన్నదానికి నేనూ ఓటేస్తాను.

అయితే కోడలుగారూ, లోకల్ మీద మాత్రం నా అభిప్రాయం మారదు. 2025 జూన్‌లో ముంబ్రా దగ్గర ఏమైందో మీకు నాకంటే బాగా తెలుసు. కిక్కిరిసిన బండి తలుపు దగ్గర వేలాడుతున్నవాళ్ళు పడి చనిపోయారు. రోజూ ఎక్కేవాళ్ళకే ఆ గతి పడితే, ఊరు తెలియని పిల్లాణ్ణి, మోకాళ్ళ నొప్పుల ముసలావిణ్ణి అందులో ఎందుకు ఎక్కించాలి? బండి ఆగేది అరనిమిషం కూడా కాదు. ఫాస్టేదో స్లోదేదో తెలియక మనం దిగాల్సిన చోట ఆగని బండి ఎక్కేస్తే? వంతెన మెట్లు ఎన్నిసార్లు ఎక్కి దిగాలి?

దాదర్_కోడలు

ముంబ్రా మాట నిజం, దాన్ని నేను తేలిగ్గా తీసుకోను. మా ఇంట్లో ఇద్దరు రోజూ ఆ బండ్లే ఎక్కుతారు. కానీ అది సోమవారం పొద్దున ఆఫీసు వేళ జరిగింది. నేను చెప్పేది ఆదివారం మధ్యాహ్నం సంగతి. రెండూ ఒకే రైలు, ఒకే ఊరు కావు.

అంధేరి_ఉద్యోగి

మీరిద్దరూ మెట్రో ఊసే ఎత్తలేదు! భూగర్భ మెట్రో, అదే మూడో లైను, 2025 అక్టోబర్ నుంచి ఆరే కాలనీ దగ్గర మొదలై కఫ్ పరేడ్ దాకా పూర్తిగా నడుస్తోంది. 33 కిలోమీటర్ల పైన, 27 స్టేషన్లు. టీచర్‌గారి జాబితాలో సగం చోట్లకు పనికొచ్చే స్టేషన్లు దాని మీదే ఉన్నాయి: సీఎస్‌ఎంటీ, హుతాత్మా చౌక్, చర్చ్‌గేట్, మహాలక్ష్మి, సిద్ధివినాయక్. లిఫ్టులు, ఎస్కలేటర్లు ఉన్నాయి కాబట్టి మోకాళ్ళకు శ్రమ లేదు. ఏసీ, తోపులాట తక్కువ. విమానాశ్రయం రెండు టెర్మినళ్ళకూ స్టేషన్లున్నాయి.

గేట్‌వేకు మాత్రం అది నేరుగా వెళ్ళదు. హుతాత్మా చౌక్‌లో దిగి టాక్సీ ఎక్కాలి. మహాలక్ష్మి స్టేషన్ నుంచి గుడికి, హాజీ అలీకి కూడా టాక్సీ తప్పదు.

దాదర్_కోడలు

మెట్రో మంచి మాట, ఒప్పుకుంటున్నాను. అత్తగారికి అదే సరైనది. ఒక్క లోటేమిటంటే నేల కింద ఊరు కనిపించదు. ఆరో తరగతి పిల్లవాడు ముంబయి వచ్చి చీకటి గోడలు చూసి వెళ్ళిపోతాడా అన్నదే నా దిగులు.

శాతవాహన_యాత్రికుడు

వాహనాల గొడవలో అసలు విషయం పక్కకు పోతోంది. రెండు గుహల్లో ఏది వదలాలి? అందరూ ఎలిఫెంటా ఉంచి కన్హేరి కొట్టేస్తారు. నేను తిరగేసి చెప్తాను.

కన్హేరిలో నూరుకు పైగా గుహలు, నల్లరాతి కొండ నిండా. బౌద్ధ భిక్షువులు వందల ఏళ్ళు ఉన్న చోటు. నీటి తొట్లు, కాలువలు, పడుకునే రాతి అరుగులు అన్నీ అలాగే ఉన్నాయి. తెలుగువాళ్ళకు ఇంకా దగ్గరి సంగతి, యజ్ఞశ్రీ సాతకర్ణి కాలపు శాసనం అక్కడుంది. వాసిష్ఠీపుత్ర సాతకర్ణి రాణి మహాక్షత్రపుడి కూతురని చెప్పే శాసనం ఓ నీటి తొట్టి దగ్గర ఉంది. ఏళ్ళ తరబడి పోట్లాడుకున్న శాతవాహన, క్షత్రప రాజవంశాలు వియ్యమందుకున్నాయని మనకు ఆ రాయే చెప్పింది. ఆ అక్షరాల ముందు నిలబడ్డ రోజు నేను అన్నం తినడం మరిచిపోయాను.

ఎలిఫెంటాకు పడవలో పోను గంట, రాను గంట. దిగాక జెట్టీ నుంచి కొంత దూరం బొమ్మ రైలు ఉంటుంది, ఆ తర్వాత సుమారు 120 మెట్లు. ఇద్దరూ ముగ్గురూ కాదు, వారాంతంలో జాతర.

భివండి_మగ్గం

అన్నా, నువ్వు చెప్పిన రాయి సంగతి ఇంటే నాకే పోబుద్ధి అయితుంది. గని కన్హేరిల మెట్లు తక్కువున్నయా? గుహకూ గుహకూ నడుమ కొండ మీద ఎక్కుడు దిగుడే. ఎలిఫెంటాల మెట్లెక్కలేనోళ్ళకు డోలీ ఉంటది, కుర్సీల కూసోవెట్టి నలుగురు మోస్తరు. బేరం ముందే మాట్లాడుకోవాలె.

అంధేరి_ఉద్యోగి

ఎలిఫెంటా అయితే శనివారమే పెట్టుకోండి, మొదటి పడవల్లో వెళ్ళండి. పొద్దున 9 ప్రాంతంలో మొదలవుతాయి. సోమవారం గుహలు మూసేస్తారు, మీకు ఆ బాధ లేదు. జనవరిలో సముద్రం నెమ్మదిగా ఉంటుంది, వానాకాలంలో అయితే సముద్రం బాగాలేనప్పుడు పడవలు ఆపేస్తారు. ఎక్కగానే లైఫ్ జాకెట్ అడిగి నలుగురూ వేసుకోండి. 2024 డిసెంబర్‌లో ఆ దారిలోనే ప్రయాణికుల పడవను నౌకాదళం స్పీడ్‌బోటు గుద్దింది, చాలామంది పోయారు. పక్కవాళ్ళు వేసుకోకపోయినా మీరు వేసుకోండి.

యాత్రికుడు గారి బాధ నాకు అర్థమవుతుంది. కానీ ఎలిఫెంటాలో 20 అడుగుల సదాశివమూర్తి ముందు ఆ పెద్దావిడ నిలబడ్డం కూడా చిన్న విషయం కాదు కదా.

శాతవాహన_యాత్రికుడు

కాదు. ఆ మూర్తి ముందు నేనూ నోరు మెదపలేదు. పెద్దావిడతో అయితే ఎలిఫెంటాకే వెళ్ళండి. కన్హేరికి మీరూ మీ బాబూ ఇంకోసారి వేరే రండి, ఒక రోజు పూర్తిగా దానికే ఇవ్వండి.

హనుమకొండ_టీచర్

అందరికీ చాలా థాంక్స్. రాత్రి ఇవన్నీ మావారికీ అత్తమ్మకూ చదివి వినిపించాను. అంధేరి గది రద్దు చేశాం, ఫోర్ట్‌లో తీసుకున్నాం. జుహూ, కన్హేరి కొట్టేశాం.

శనివారం సామాను హోటల్లో పడేసి ఎలిఫెంటా. మధ్యాహ్నం వచ్చి అత్తమ్మ పడుకుంటారు, బాబూ మేమూ టాక్సీలో మ్యూజియంకు వెళ్తాం. సాయంత్రం నలుగురం మెరైన్ డ్రైవ్. ఆదివారం పొద్దున్నే మెట్రోలో సిద్ధివినాయకుడు, తర్వాత టాక్సీలో మహాలక్ష్మి, హాజీ అలీ. రాత్రి బండికి హోటల్ నుంచి స్టేషన్ పక్కనే.

బాటసారి గారూ, కారు మాట్లాడుకోవడం లేదు, ఏమీ అనుకోకండి. అయితే మీరు చెప్పింది వదలడం లేదు: అత్తమ్మ చేతిలో ఫోను, జేబులో హోటల్ అడ్రసు ఉన్న చీటీ ఉంటాయి.

మా వాడు మాత్రం లోకల్ ఎక్కకుండా ఊరికి రానంటున్నాడు.

బెజవాడ_బాటసారి

అనుకోవడానికేముందమ్మా. చీటీలో మీ ఫోన్ నంబరు కూడా రాయండి. హాజీ అలీకి వెళ్ళేముందు పోటు వేళ చూసుకోండి, నీళ్ళెక్కితే దర్గా దారి మునిగిపోతుంది. లోకల్ మీద నా మాట నాదే.

దాదర్_కోడలు

టీచర్‌గారూ, బాబు కోరిక తీరే దారి చెప్తాను. హాజీ అలీ నుంచి టాక్సీలో మహాలక్ష్మి రైల్వే స్టేషన్‌కు రండి. అక్కడి వంతెన మీంచి ధోబీ ఘాట్ కనిపిస్తుంది, వరసగా రాతి తొట్లు, తీగెల మీద బట్టలు. అక్కడ చర్చ్‌గేట్ వెళ్ళే స్లో లోకల్ ఎక్కండి. చర్చ్‌గేట్ ఆఖరి స్టేషన్. అక్కడ బండి ఆగి నిలబడుతుంది, అందరూ దిగాకే మీరు దిగొచ్చు. బాటసారి గారి అమ్మగారికి జరిగినట్టు జరగడానికి వీల్లేదు. మధ్యలో ఉన్నవి నాలుగైదు స్టేషన్లే.

ఒక్క జాగ్రత్త. ఆదివారాలు పట్టాల మరమ్మతుకు బ్లాక్ పెడతారు. అప్పుడు స్లో బండ్లను ఫాస్ట్ లైను మీదికి మళ్ళిస్తే మహాలక్ష్మిలో ఆగవు. మీరొచ్చే వారం ఎక్కడ బ్లాకో శుక్రవారానికల్లా తెలిసిపోతుంది. నేను చూసి ఇక్కడే పెడతాను.

హనుమకొండ_టీచర్

తప్పకుండా పెట్టండి అక్కా. అత్తమ్మను, మావారిని హాజీ అలీ నుంచి టాక్సీలో పంపించి నేనూ బాబూ లోకల్ ఎక్కుదామనుకున్నాం. అది విని అత్తమ్మ, "ఆఖరి స్టేషన్ అంటున్నరు గదా, నేనెందుకు రావద్దు?" అన్నారు. ముగ్గురి టికెట్లు తీస్తున్నాను. మావారు కూడా వస్తే నలుగురివి.