చార్జీ, చార్జి, చార్జింగ్: మూడూ ఒకే బండిలోవి

గుంటూరు, బ్రాడీపేట నుంచి ప్రశ్న:

అందరికీ నమస్కారం. నేను ఏడో తరగతికి తెలుగు చెబుతాను. నిన్న పిల్లల చేత పేపర్ చదివిస్తుంటే ఒక పాప లేచింది. "టీచర్, బస్సు చార్జీలు పెంచారు, లాఠీచార్జి చేశారు, కొత్త కలెక్టరు చార్జి తీసుకున్నారు, చార్జిషీటు వేశారు అని రాశారు. ఫోన్ చార్జింగ్ కూడా ఈ మాటేనా?" అంది. ఇంగ్లీషులో అన్నీ ఒకటే మాట అని చెప్పాను. మరి ఇన్ని అర్థాలెందుకు అంటే జవాబు చెప్పలేకపోయాను. పెద్దలు ఎవరైనా చెప్పగలరా?

విజయవాడ, సత్యనారాయణపురం నుంచి జవాబు:

అమ్మా, ముందు ఆ పాపకు నా ఆశీస్సులు చెప్పండి. ఆ ఐదు మాటల వెనకా ఉన్నది ఒకే ఒక్క పని, బండికి బరువెత్తడం.

రోమన్లు గాల్ దేశం, అంటే ఇప్పటి ఫ్రాన్స్ ప్రాంతం వాళ్ల దగ్గర నుంచి చక్రాల బండికి "కర్రుస్" అనే మాట తెచ్చుకున్నారు. తర్వాతి కాలపు లాటిన్‌లో దాని నుంచి "కర్రికారె" పుట్టింది. అంటే మన ఆటోనగర్ భాషలో లోడెత్తడం. అది ఫ్రెంచివారి నోట్లో నలిగి, 13వ శతాబ్దంలో "చార్జ్" అయి ఇంగ్లీషులోకి వచ్చింది. అప్పుడు దాని అర్థం బరువు, అంతే. కారు, కార్గో, క్యారీ, ఇవన్నీ ఆ ఇంటి పిల్లలే. మనిషి ముఖాన్ని ఉన్నదాని కంటే ఎక్కువ చేసి గీసే క్యారికేచర్ కూడా ఇటలీ వైపు నుంచి వచ్చిన బంధువే. బొమ్మ మీద మరీ ఎక్కువ బరువెత్తడం అన్నమాట.

ఇక ఆ బరువును ఎవరి మీద పెడితే ఆ అర్థం వచ్చింది. జేబు మీద పెడితే చార్జీ. భుజం మీద పెడితే ఉద్యోగపు చార్జి. ఒకరి నెత్తిన తప్పు పెడితే చార్జిషీటు. తుపాకీలో మందూ గుండూ కూరడాన్ని కూడా చార్జ్ అన్నారు. ఆయుధం సిద్ధం చేసుకుని శత్రువు మీద పడడం దాని పక్కనే ఉన్న అర్థం, లాఠీచార్జి అటువైపు నుంచి వచ్చింది.

కరెంటు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. 1745, 1746 ప్రాంతంలో యూరప్‌లో లేడెన్ జార్ అనే గాజుసీసా తయారైంది. అందులో విద్యుత్తును నిలవ చేయవచ్చు, ముట్టుకుంటే షాక్ కొట్టేది. అమెరికాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ అలాంటి వాటితో ప్రయోగాలు చేస్తూ, సీసాలో విద్యుత్తు నింపడాన్ని చార్జ్ చేయడం అని రాశాడు. 1749లో గాజు పలకలు వరుసగా పేర్చి, దానికి బ్యాటరీ అని పేరు పెట్టాడు. బ్యాటరీ అంటే అప్పటికి ఫిరంగుల వరుస. కాబట్టి మన ఫోన్‌లో ఈ రెండు మాటలూ తుపాకుల పక్క నుంచి వచ్చినవే.

నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరిచేది మనవాళ్లు ఆ మాటను వాడే తీరు. బస్టాండులో ప్లగ్ దగ్గర నిలబడ్డవాళ్లు ఏమంటారో వినండి: "చార్జింగ్ ఎక్కట్లేదు", "పొద్దున్నే పెట్టా, అప్పుడే దిగిపోయింది". ఎక్కడం, దిగడం! లాటిన్ అక్షరం ముక్క తెలియకుండానే మనవాళ్లు ఆ మాటకు దాని పాత బండిని తిరిగి ఇచ్చారు.

దీర్ఘం విషయం కూడా పిల్లలకు చెప్పండి. ఇంగ్లీషు ఒకే మాటతో సరిపెట్టుకున్న చోట మనం మూడు చేసుకున్నాం. డబ్బయితే చార్జీ, పదవి అయితే చార్జి, కరెంటయితే చార్జింగ్. "ఇన్‌చార్జి"ని అయితే ఏకంగా మనిషిని చేశాం. "నియోజకవర్గ ఇన్‌చార్జి వచ్చారు" అంటాం.

అయితే ఇదంతా పరాయి ఊహ అనుకోకండి. గడ్డిమోపు, కట్టెలమోపు అంటామా? ఆ మోపుతోనే "నేరం మోపారు", "నింద మోపారు" అంటాం. పేపర్లో "అభియోగం మోపారు" అని రాస్తారు. ఆ అభియోగం సంస్కృతంలో యుజ్ ధాతువు నుంచి వచ్చింది. యుజ్ అంటే కలపడం, బండికి గుర్రాలనో ఎడ్లనో కట్టడం. సంస్కృతంలో అభియోగానికి నేరారోపణ అనీ, దాడి అనీ రెండు అర్థాలూ ఉన్నాయి. అంటే చార్జిషీటూ లాఠీచార్జీ అక్కడా ఒకే మాటలో ఉన్నాయి! అక్కడ బండికి బరువెత్తారు, ఇక్కడ బండికి ఎద్దును కట్టారు. ఈ పోలిక మొదటిసారి గమనించిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

కాబట్టి చార్జికి ఒకే తెలుగు మాట కావాలని పట్టుబట్టడం నాకు ఇష్టం ఉండదు. ఐదు చోట్లకు ఐదు మాటలున్నాయి. టికెట్ ధర, బాధ్యత, అభియోగం లాంటివి. కావలసిన చోట వాటిని వాడదాం, "చార్జింగ్ పెట్టు" అన్న చోట అలాగే అందాం.

గుంటూరు, మిర్చి యార్డు దగ్గర నుంచి ఇంకొకరు:

బాబాయిగారూ, మీరు బరువెత్తడం అనగానే మా యార్డు గుర్తొచ్చింది. మా నాన్నగారు మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు వేసుకొస్తే పట్టీలో, అదే లెక్క చీటీలో, హమాలీ చార్జీ రాసేవారు. హమాలీ మాటకు మూలం ఏమిటి?

విజయవాడ జవాబు:

అబ్బాయ్, మంచి మాట పట్టుకున్నావు. అరబ్బీలో హమల అంటే మోయడం, హమ్మాల్ అంటే మోసేవాడు. అది పారసీ, ఉర్దూల మీదుగా మన దాకా వచ్చింది. మీ నాన్నగారి పట్టీలో ఆ రెండు మాటలూ పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి అరబ్బు దేశాల నుంచి, ఇంకొకటి గాల్ దేశం నుంచి వచ్చాయి, రెండూ మోతబరువు మాటలే. కరెంటు బిల్లులో సర్‌చార్జి చూసే ఉంటావు. ఫ్రెంచిలో సుర్ అంటే పైన. అది ఉన్న మోపు మీద ఇంకో మోపు.

బ్రాడీపేట నుంచి:

మాస్టారూ, చాలా సంతోషం. ఈ పూట ఆ పాపను ముందుకు పిలిచి బోర్డు మీద బండి బొమ్మ వేయించాను. పిల్లలే ఒక్కో మాటనూ ఒక్కో బస్తా మీద రాశారు. లాఠీచార్జి బస్తా ఎక్కడ పెట్టాలో అని కాసేపు వాదించుకుని, చివరికి బండి తోలేవాడి పక్కన పెట్టారు.