అబ్బాయికి పద్నాలుగేళ్లు: సింగపూర్‌లో పీఆర్ పెట్టాలా, వద్దా?

పుంగోల్ అమ్మ

అందరికీ నమస్తే. చాన్నాళ్లుగా మా ఇంట్లో నలుగుతున్న విషయం ఇది. మావారు ఇక్కడ ఎంప్లాయ్‌మెంట్ పాస్ మీద పనిచేస్తున్నారు. బాబు, నేను డిపెండెంట్ పాస్ మీద ఉన్నాం. వాడు లోకల్ స్కూల్లో సెకండరీ టూ చదువుతున్నాడు. అందరం కలిసి పీఆర్‌కి, అంటే ఇక్కడ శాశ్వతంగా ఉండే అనుమతికి, అప్లై చేద్దామంటారు మావారు. మా ద్వారా వాడికి పీఆర్ వస్తే పద్దెనిమిదేళ్లకి రెండేళ్ల నేషనల్ సర్వీస్ (ఎన్ఎస్) తప్పదు. రాజమండ్రిలో మా అన్నయ్యకి ఈ సంగతి తెలిసిన దగ్గర్నుంచి ఒకటే గొడవ: "మేనల్లుణ్ని పరాయి దేశం సైన్యంలో వేస్తావా? ఇక్కడికి పంపు, ఇంటర్‌లో చేర్పిద్దాం" అని.

వాడి రోజు ఎలా ఉంటుందో చెప్తాను. లేచేసరికి బయట చిమ్మచీకటి. ఇక్కడ ఏడాది పొడవునా తెల్లారేది ఏడింటికే. ఏడున్నరకల్లా స్కూల్లో జెండా దగ్గర నిలబడాలి. జాతీయ గీతం మలయ్ భాషలో పాడతారు. పౌరులు కాని పిల్లలు పాడక్కర్లేదు, ప్రతిజ్ఞ చెప్పక్కర్లేదు, కదలకుండా నిలబడితే చాలు. మావాడు మాత్రం రెండూ చెప్తాడట. "అందరూ అంటుంటే నేనొక్కణ్నే నోరు మూసుకుని నిలబడాలా?" అన్నాడు. క్లాసులయ్యాక వారంలో రెండు సాయంత్రాలు బ్యాడ్మింటన్. సీసీఏ అంటారు, సెకండరీలో ఏదో ఒకటి చెయ్యాల్సిందే. ఇంటికొచ్చేసరికి చొక్కా పిండితే నీళ్లు కారతాయి. ఈ ఊళ్లో ఉన్నవి రెండే కాలాలు: ఉక్కపోత, వానతో ఉక్కపోత. శనివారం హిందీ క్లాసు. మధ్యాహ్నం క్యాంటీన్‌లో చికెన్ రైస్, రాత్రి ఇంట్లో పప్పు, ఆవకాయ. రెండింటికీ పేచీ లేదు.

వాడు ఇక్కడ బాగానే ఉన్నాడు. నా టెన్షనల్లా ఆ రెండేళ్ల గురించే. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

బెడోక్ బావ

వద్దండి. మొహమాటం లేకుండా చెప్తున్నాను.

మొదటి తరం పీఆర్‌గా మీవారికి సర్వీస్ లేదు, మీకూ లేదు. కాయితం మీద సంతకం మనది, తుపాకీ మోసేది వాడు. 'ఏ లెవెల్స్' (మన ఇంటర్ లాంటి పరీక్ష) వరకో, పాలిటెక్నిక్ డిప్లొమా వరకో వాయిదా ఇస్తారు గానీ డిగ్రీకి ఇవ్వరు. రేపు వాడికి ఐఐటీలో సీటొచ్చినా పద్దెనిమిదికి వెళ్లి చేరలేడు. క్లాసులో ఆడపిల్లలు డిగ్రీ మూడో ఏడుకి వచ్చేసరికి వీడు మొదటి ఏడులో ఉంటాడు. రెండేళ్లతో అయిపోతుందా అంటే అదీ లేదు. తర్వాత రిజర్విస్ట్: ఏడాదికి నలభై రోజుల వరకూ పిలవొచ్చు, అలా పది విడతలు. మామూలు సైనికుడికైతే నలభై ఏళ్లు వచ్చేదాకా, ఆఫీసరైతే యాభై దాకా ఆ బాధ్యత ఉంటుంది.

ప్రమాదం లేదని ఎవరూ అనకండి. 2019లో అలోషియస్ పాంగ్ అనే నటుడు రిజర్విస్ట్‌గా న్యూజిలాండ్‌లో శిక్షణకి వెళ్లి, అక్కడ దెబ్బ తగిలి చనిపోయాడు. ఆ తర్వాతే సైన్యం శిక్షణ జోరు తగ్గించింది.

పోనీ పద్దెనిమిది దగ్గర పడ్డాక పీఆర్ వదిలేద్దామంటారా? సర్వీస్ చెయ్యకుండా వదిలేస్తే రేపు వాడు చదువుకో, ఉద్యోగానికో ఇక్కడికి రావాలన్నప్పుడు ఆ మచ్చ అడ్డొస్తుంది. మీ పీఆర్ రెన్యూవల్ మీద కూడా ప్రభావం పడొచ్చు. మా పిల్లలిద్దర్నీ పాస్ మీదే ఉంచి ఇండియన్ సిలబస్‌లో చదివించాం. పెద్దవాడు ఎన్ఆర్ఐ పిల్లల కోసం ఉన్న డాసా కింద ఎన్ఐటీలో చేరాడు. ఏ లోటూ లేదు.

లెక్కల మాస్టారు

బావగారూ, మీ లెక్కలో రెండు అంకెలు రాలేదు.

ఒకటి: డిపెండెంట్ పాస్ పిల్లలకి ఇరవై ఒకటో ఏట ముగుస్తుంది. ఆ తర్వాత సొంత ఉద్యోగమో, స్టూడెంట్ పాసో ఉంటేనే ఇక్కడ ఉండగలరు. అది కూడా తండ్రి ఉద్యోగం అప్పటిదాకా నిలబడితేనే. ఆయన ఉద్యోగం పోతే పిల్లాడి పాస్ కూడా దాంతోపాటే పోతుంది.

రెండు: ఇంటర్‌కి పంపమంటున్న మేనమామగారికి ఇది చెప్పండి. మన రాష్ట్రాల్లో కన్వీనర్ కోటా ఇంజినీరింగ్ సీట్లలో 85 శాతం లోకల్ వాళ్లకే. లోకల్ అవ్వాలంటే మామూలుగా ఇంటర్‌తో ముగిసే నాలుగేళ్లూ వరుసగా అక్కడే చదివి ఉండాలి. ఇంటర్ రెండేళ్లకి మాత్రమే వచ్చిన పిల్లాడు రాజమండ్రిలో పుట్టినా సరే, ఆ నిబంధన ప్రకారం నాన్ లోకల్. తల్లిదండ్రుల నివాసాన్ని బట్టి వేరే దారులున్నాయి గానీ, ముందే కనుక్కోకుండా టికెట్ బుక్ చెయ్యకండి.

హనుమకొండ టు వుడ్‌లాండ్స్

ఎన్ఎస్ సంగతి సరే, శనివారం హిందీ క్లాసు ఏంది మేడమ్? మన పిల్లలకు మాతృభాష పేపర్ అంటే తమిళం, లేకుంటే హిందీ, బెంగాలీ, గుజరాతీ, పంజాబీ, ఉర్దూ. అందులో తెలుగు లేదు. 1975 నుంచి ఇక్కడ తెలుగు సమాజం ఉంది, ఇంతమందిమి ఉన్నం, అయినా స్కూల్లో తెలుగు రాలేదు. దానికి ఎవరూ త్రెడ్ పెట్టరు.

బెడోక్ బావ

దానికి వేరే త్రెడ్ పెట్టు తమ్ముడూ, తప్పకుండా వస్తాను. ఇక్కడ కాదు.

టాంపనీస్ అత్తయ్య

మావాడు రెండేళ్లూ చేసొచ్చాడు. కాబట్టి కాస్త ఎక్కువే రాస్తాను, ఏమీ అనుకోకండి.

మొదట పులావ్ టెకాంగ్ అనే దీవికి తీసుకెళ్తారు. చాంగీ దగ్గర ఫెర్రీ ఎక్కాలి. మొదటి రోజు తల్లిదండ్రుల్ని కూడా రానిస్తారు. వాళ్లు పడుకునే మంచాలు చూపించి, కుక్‌హౌస్‌లో మనకీ భోజనం పెడతారు. మా ఇంట్లో మాంసం తినం. శాకాహారం విడిగా ఉంటుందని కళ్లారా చూసుకున్నాకే నేను ఇంటికొచ్చాను. పిల్లాడికి గుండు చేసింది మేం వచ్చేశాక.

వారాంతాల్లో ఇంటికి పంపేవారు. తెచ్చిన సంచి విప్పితే బురద, చెమట, తుపాకీ నూనె, మూడూ కలిసిన కంపు. యూనిఫామ్ రెండుసార్లు తిప్పితే గానీ వాషింగ్ మెషిన్‌లో నీళ్లు తేటపడేవి కావు. ఆదివారం సాయంత్రం మళ్లీ సంచి సర్దుతుంటే నాకు కడుపులో దేవినట్టుండేది. వాడు మాత్రం టీవీ ముందు కూర్చుని పెరుగన్నం తినేవాడు. ఎండకి పడిపోకుండా అక్కడ వాటర్ పరేడ్ అని చేయిస్తారు. అందరూ ఒకేసారి సీసా ఖాళీ చేసి, తల మీద బోర్లించి చూపించాలి. ఇంట్లో కూడా అలాగే బోర్లించి చూపించేవాడు, సోఫా మీద చుక్కలు పడేలా.

బావగారు చెప్పిన ప్రమాదం అబద్ధం కాదు. ఫోన్ మోగితే చాలు, ఆ రెండేళ్లూ నాకు గుండె దడే. సైన్యమా, పోలీసా, ఫైర్ సర్వీసా అన్నది కూడా మన చేతుల్లో ఉండదు, వాళ్లు ఎక్కడ వేస్తే అక్కడే. కానీ "రెండేళ్లు వృథా" అన్న మాటకి ఒప్పుకోను. ఇక్కడి యూనివర్సిటీలో వచ్చిన సీటు వాడి కోసం అట్టేపెట్టారు. ఒక మలయ్ అబ్బాయి, ఒక చైనీస్ అబ్బాయి అక్కడే పరిచయమయ్యారు. వాళ్లు మొన్న ఉగాదికి కూడా వచ్చి పచ్చడి తిని మొహాలు చిట్లించారు. మేం ఇక్కడ ఇన్నేళ్లుండి లిఫ్ట్‌లో పక్కింటాయనకి తల ఊపడం తప్ప ఏమీ చెయ్యలేదు.

ఒకటి మాత్రం నిజం. మా పెద్దమ్మాయికి ఈ బాధేమీ లేదు, వాడికే ఉంది. అది అన్యాయమని వాడు చాలాసార్లు అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

సెంగ్‌కాంగ్ కుర్రాడు

అంకుల్స్, ఆంటీస్, నాకు తెలుగు టైపింగ్ రాదు. నేను మాట్లాడుతుంటే ఫోన్ రాస్తోంది, తప్పులుంటే సారీ. నాకు పదిహేడు. చిన్నప్పుడే పీఆర్ వచ్చింది. జూనియర్ కాలేజీలో ఉన్నాను, ఏ లెవెల్స్ అవగానే వెళ్లాలి. పదహారున్నరకి రిజిస్ట్రేషన్ అయిపోయింది.

మాకు పెద్ద సెలవులు నవంబర్, డిసెంబర్‌లో. అప్పుడు గుంటూరు వెళ్తే అందరూ "సైన్యంలో చేరుస్తారంట కదా పాపం" అంటారు. మా బాబాయ్ కొడుకు కూడా నా ఈడువాడే. వాడు హాస్టల్ కాలేజీలో ఉంటాడు. పొద్దున ఐదింటికి స్టడీ అవర్, మళ్లీ రాత్రి పదిన్నర దాకా. ఫోన్ లేదు. నెలకి ఒక ఆదివారం ఇంటికి. వాణ్ని చూసి పాపం అన్నవాళ్లు ఒక్కరూ లేరు. ఆ రెండేళ్లు చదువు, నా రెండేళ్లు శిక్ష అన్నట్టు మాట్లాడతారు.

నాకు ఇష్టమై వెళ్తున్నానని కాదు. సైన్యమంటే నాకు బోర్. కానీ ఇక్కడ నేను రాత్రి పదింటికి లైబ్రరీ దగ్గర ఫ్రెండ్స్‌ని వదిలి ఒక్కణ్నే బస్సెక్కి వస్తాను, అమ్మ ఫోన్ కూడా చెయ్యదు. హాకర్ సెంటర్‌లో టిష్యూ ప్యాకెట్ టేబుల్ మీద పెట్టేసి తిండి తెచ్చుకోవడానికి వెళ్తే ఆ సీటు ఎవరూ తీసుకోరు. పిడుగుల అలర్ట్ వస్తే పీఈ క్లాసు ఆపేస్తారు, మేం హాల్లో కూర్చుని కార్డ్స్ ఆడతాం. నా రోజంతా ఇదే. దీన్ని వదిలి ఎక్కడికో వెళ్లడం నాకు రెండేళ్ల కన్నా పెద్ద విషయం. మీ బాబుకి ఎలా అనిపిస్తుందో నాకు తెలీదు, వాణ్ని అడిగారా?

బెడోక్ బావ

బాబూ, నువ్వు బాగా చెప్పావు. హాస్టల్ కాలేజీల గురించి నీతో వందశాతం ఏకీభవిస్తాను, అందుకే మావాళ్లను కూడా అక్కడ వెయ్యలేదు. కానీ నీకు చిన్నప్పుడే పీఆర్ వచ్చింది, దాంతోనే పెరిగావు. వాళ్ల అబ్బాయికి ఇంకా రాలేదు. అదీ తేడా. రానిదాన్ని కోరి తెచ్చుకోవడం ఎందుకన్నదే నా ప్రశ్న. అప్లై చేసినవాళ్లందరికీ ఇస్తారని కూడా లేదు.

పుంగోల్ అమ్మ

అందరికీ థాంక్స్. వాణ్ని అడిగాను. "బూట్ క్యాంప్‌లో ఫోన్ ఇస్తారా, బ్యాడ్మింటన్ ఉంటుందా" అని రెండు ప్రశ్నలు వేశాడు. ఇంటర్ మాటెత్తితే తలుపు వేసేసుకున్నాడు.

మావారు ఇప్పుడు మధ్యేమార్గం అంటున్నారు. పీఆర్ తీసుకుని, సెకండరీ ఫోర్ అవగానే రెండేళ్లు రాజమండ్రిలో ఇంటర్ చదివించి, తిరిగొచ్చి సర్వీస్ చేయిద్దామని. కుదురుతుందా?

లెక్కల మాస్టారు

కుదురుతుంది గానీ ఊరికే కాదు. పీఆర్ అయ్యాక, పదమూడు దాటిన మగపిల్లాడు మూడు నెలలు గానీ అంతకన్నా ఎక్కువ గానీ సింగపూర్ బయట ఉండాలంటే ఎగ్జిట్ పర్మిట్ తీసుకోవాలి. రెండేళ్లు, ఆపైన అయితే దానికి బాండ్ కూడా ఇవ్వాలి, అది చిన్న మొత్తం కాదు. మీవారి జీతం స్లిప్పు పక్కన పెట్టుకుని చూడమనండి. పైగా అంతా చేసి వెళ్లినా, నేను పైన చెప్పిన లోకల్ కోటా చిక్కు అలాగే ఉంటుంది.

టాంపనీస్ అత్తయ్య

ఫోన్ రాత్రి కాసేపు ఇస్తారమ్మా. బ్యాడ్మింటన్ మావాడు ఆడేవాడు కాదు, కనుక్కుని చెప్తాను.